గ్రీకు మేస్త్రితో గ్రాంథికం

మీలో ఎవరికైనా లైబ్రరీ పుస్తకం ముందు పెట్టుకొని సొంతంగా ఒక పరాయి భాష నేర్చుకోవాలన్న కోరిక ఉంటే, ముందు ఆ పుస్తకం ఏ కాలంలో అచ్చయిందో చూడండి. నేను చూడలేదు. అందువల్ల యాభై ఎనిమిదో ఏట ఖతార్‌లో, ఒక యూనివర్సిటీ తరగతి గదిలో ఇంటర్మీడియట్ రెండోసారి ఫెయిలయ్యాను. మొదటిసారి ఫెయిలైంది కరీంనగర్‌లో. ఆ సంగతి కూడా చెబుతాను, కానీ దానికి సమయం రావాలి.

దోహాలో నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు ఒక గ్రీకు కాంట్రాక్టు కంపెనీలో. హెల్పర్‌గా దిగి, స్టోర్ కీపర్‌నై, చివరికి సైటు ఆఫీసులో డ్రాయింగులు, ఉత్తరాలు ఫైలు చేసే గుమాస్తానయ్యాను. బడిలో చదివింది పదో తరగతి, దానిపైన కొన్ని నెలలు. మిగతాదంతా లైబ్రరీలు పెట్టిన భిక్ష. మొదట మా జిల్లా గ్రంథాలయం, తర్వాత దోహాలో ఒక పెద్ద లైబ్రరీ. శుక్రవారం మధ్యాహ్నం నజ్మాలోని మా రూములో అందరూ బట్టలు పిండుకొని పడుకుంటే నేను చల్లటి హాల్లో కూర్చొని చరిత్రలు, భూగోళాలు, వ్యాకరణాలు చదివేవాణ్ణి. మా ఆఫీసులో డిగ్రీలున్నవాళ్ళు ఫోనులో వచ్చేది తప్ప ఇంకేమీ చదవరని కనిపెట్టాను. ఆ ఒక్క ఆనందంతో చాలా ఏళ్ళు హాయిగా గడిపాను.

సైటు పని అయిపోవస్తోంది. మనుషుల్ని బ్యాచులు బ్యాచులుగా ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇళ్ళకు పంపుతున్నారు. అప్పుడు ఒక సర్క్యులర్ వచ్చింది. కొత్త సైటులో డాక్యుమెంట్ కంట్రోలర్ పోస్టు ఒకటి ఉంది. హెడ్డాఫీసు నుంచి గ్రీకులో వచ్చే ఉత్తరాలు చదవగలిగిన మనిషి కావాలి. యూనివర్సిటీలో సాయంత్రాలు నడిచే 'మధ్యస్థాయి ఆధునిక గ్రీకు భాష, సంస్కృతి' కోర్సు పాసైనవాళ్ళకే అది ఇస్తారు. మధ్యస్థాయిని వాళ్ళు ఇంగ్లీషులో ఇంటర్మీడియట్ అని రాశారు. పాసైతే నేను ఉంటాను, లేకపోతే సామాను సర్దుకుంటాను. విషయం అంతే.

ఆ కుర్చీ నాకు ఎంత కావలసి వచ్చిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. మా ఊళ్ళో నేను ఇరవై రెండేళ్ళుగా 'దుబాయ్ పోయినోడు'. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. అక్కడ ఏం పని చేస్తావని ఒక్కడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఒక పేరున్న పని, నా చదువుతో నేను తెచ్చుకున్న పని, ఒక్కటైనా ఉండాలని నా పట్టు.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన నా రూమ్మేటు, మా కంపెనీ బస్సు డ్రైవరు, సర్క్యులర్ విని పళ్ళు ఇకిలించాడు.

"అన్నా, ఇంటర్ల ఫెయిలై గల్ఫుకు ఒచ్చినవ్. గల్ఫుల మల్ల ఇంటర్ల జేరుతున్నవా? గీడ సప్లిమెంటరీ గిన ఉండది, సూస్కో."

కోర్సులో చేరాలంటే ముందు రాతపరీక్ష. నాకు నాలుగు నెలల టైముంది. లైబ్రరీలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ దానం చేసిన పుస్తకాలు ఒక అరలో పడి ఉండేవి. వాటిలో ఇంగ్లీషు ద్వారా గ్రీకు నేర్పే లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. అందులో పాఠాలు దరఖాస్తులు, కోర్టు నోటీసులు, జిల్లా అధికారులకు విన్నపాలు. ఎంత గంభీరమైన భాష అని మురిసిపోయాను. మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా కంఠస్థం చేశాను. రాతపరీక్షలో ఆ భాషనే కుమ్మరించాను. పరీక్ష దిద్దిన టీచరు నన్ను నేరుగా మధ్యస్థాయిలో వేసి, నా కాగితం మీద ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్నార్థకం ఒకటి పెట్టింది. అది ఆశ్చర్యంతో కూడిన మెప్పు అనుకున్నాను.

అసలు సంగతి ఇది. మనకు గ్రాంథికం, వ్యావహారికం ఉన్నట్టే గ్రీకులకూ రెండు భాషలుండేవి. ఒకటి జనం నోట్లోది, ఇంకొకటి ఆఫీసుల్లోది. మన గ్రాంథికం ఎక్కువగా పుస్తకాల్లో కూర్చుంది. వాళ్ళది పోలీస్ స్టేషన్ దాకా నడిచింది. రొట్టెను జనం ప్సోమీ అంటారు. నా పుస్తకం ఆర్తోస్ అంది. ఇవాళ దోహాలో ఎవరైనా గ్రీకు మనిషి దగ్గర ఆర్తోస్ అడిగితే అతను చర్చిలోకి దారి చూపిస్తాడు. ఆ ఆఫీసు భాషను వాళ్ళ ప్రభుత్వమే దాదాపు యాభై ఏళ్ళ కిందట వదిలేసింది. నా పుస్తకానికి ఆ కబురు అందలేదు.

టీచరు ఈ సంగతి మొదటి వారమే చెప్పింది. యాభై దాటిన మనిషి, జీన్స్ వేసుకొని వచ్చేది, బల్ల మీద కూర్చొని పాఠం చెప్పేది. "మీ గ్రీకు తప్పు కాదు. కానీ అందులో ఎవరూ బతకడం లేదు," అంది. నేను తల ఊపి, మనసులో ఆమెను కొట్టిపారేశాను. ఆమె పాఠాలేమో టమాటాలు బేరం చేయడం, బస్సు టికెట్ అడగడం. సంస్కృతి అంటే గురువారం సాయంత్రం అందరూ చేతులు పట్టుకొని గుండ్రంగా గెంతడం, ఆ తర్వాత ఆలివ్ కాయలు తినడం. అంతమంది పెద్దవాళ్ళు యూనివర్సిటీకి వచ్చి ఆలివ్ గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక అరచేతుల్లో పట్టుకొని నిలబడేవారు. దాన్ని సంస్కృతి అని హాజరు వేసేవారు.

మా కంపెనీ నుంచే ఇంకో విద్యార్థి ఉన్నాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన ప్లానింగ్ ఇంజనీరు, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. కుటుంబంతో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉండేవాడు. ఆ పోస్టు మీద అతనికీ కన్నుంది. అతని ఉద్యోగం ఊడదు, కానీ ఆ పోస్టు తోడైతే పెద్ద మేనేజరుకు దగ్గరవుతాడు. చెడ్డవాడు కాదు. వారానికి మూడు సాయంత్రాలు నన్ను కారులో ఎక్కించుకొని క్లాసుకు తీసుకెళ్ళేవాడు. అతని చదువు పద్ధతి మీకు తెలిసిందే. పాత బ్యాచ్‌వాళ్ళను పట్టుకొని ప్రశ్నపత్రాలు సంపాదించాడు, ఇంపార్టెంట్ ప్రశ్నలకు గుర్తులు పెట్టాడు, అర్థం జోలికి పోకుండా బట్టీ పట్టాడు. గుండ్రంగా గెంతడాన్ని కూడా వీడియో చూసి ప్రాక్టీసు చేశాడు.

ఒకరోజు కారులో, మేనేజర్ ఊరికి పోయిండు సార్, అన్నాను. అతను నవ్వుతూ, చాలా మర్యాదగా అన్నాడు:

"వెళ్ళాడు అనాలండీ. గ్రీకేమో అంత ప్యూర్‌గా రాస్తారు, తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఎందుకండీ అలాగ?"

నాకు చెవుల దాకా వేడెక్కింది. ఆ వేడితో నేనేం నేర్చుకున్నాను? ఏమీ లేదు. తెలుగులో ఏమైనా కానీ, గ్రీకులో మాత్రం వీడు బజారువాడు, నేను దొరను అనుకొని తృప్తిపడ్డాను. చదువు మనిషిని ఎంత మూర్ఖుణ్ణి చేయగలదో చూడండి. అదీ ఎవరూ బలవంతపెట్టకుండా, సొంత ఖర్చుతో.

చివరి పరీక్షలో మూడు భాగాలు: రాయడం, వినడం, మాట్లాడడం. మాట్లాడడానికి ఒక నియమం పెట్టారు. గ్రీకు మనిషి ఎవరినైనా వెతుక్కొని, పదిహేను నిమిషాలు వాళ్ళ జీవితం గురించి ప్రశ్నలు అడిగి, ఫోనులో రికార్డు చేసి తేవాలి. ఇంజనీరు పెద్ద మేనేజరు భార్యను పట్టుకున్నాడు. ప్రశ్నలతోపాటు జవాబులు కూడా తనే రాయించి వారం ముందే పంపాడు. ఆవిడ చదివింది, అతను అప్పజెప్పాడు. పదిహేను నిమిషాలకు పది సెకన్లు తక్కువ. నేను మాత్రం మా మేస్త్రిని ఎంచుకున్నాను.

మేస్త్రి అంటే మా సైటు జనరల్ ఫోర్‌మన్. అరవై ఐదు దాటిన గ్రీకువాడు, ఏదో చిన్న దీవి నుంచి వచ్చాడు. బడి నాలుగేళ్ళే. తొమ్మిదేళ్ళు అతనూ నేనూ పక్కపక్క క్యాబిన్లలో పనిచేశాం. గ్రీకు, అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపిన సైటు భాష మాది. "సదీక్, బుక్రా కాంక్రీట్, పేపర్ జల్దీ," అంటాడు. "పేపర్ రెడీ, సిమెంట్ మాఫీ," అంటాను. మిత్రమా, రేపు కాంక్రీటు, కాగితాలు తొందరగా అని అతను, కాగితాలు సిద్ధం, సిమెంటే లేదు అని నేను. ఆ భాషకు వ్యాకరణం లేదు, ఏ లైబ్రరీలోనూ పుస్తకం లేదు. కానీ ఆ భాషలో మేమిద్దరం మూడు భవనాలు లేపాం. అతను వర్షాకాలపు తీగలా ఎక్కడపడితే అక్కడ అల్లుకుపోయే మనిషి. బంగ్లాదేశ్ కార్పెంటరు కూతురు పెళ్ళి దగ్గర నుంచి మా డ్రైవరు పంటినొప్పి దాకా అన్నీ అతనికి తెలుసు.

శుక్రవారం పొద్దున అతని క్యాబిన్‌లో కాఫీ తాగడం మాకు అలవాటు. ఆ శుక్రవారం నేను ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్ళాను. రికార్డు చేస్తానని ముందే చెప్పాను, సరే అన్నాడు. నా కోసం రొట్టె, జున్ను కూడా తెప్పించి పెట్టాడు. ఫోను బల్ల మీద పెట్టి, కాగితం తీసి, నెలరోజులు చెక్కిన నా ప్రశ్నలు మొదలుపెట్టాను. తెలుగులో అయితే అవి ఇలా ఉంటాయి: "మహాశయా, తమరు ఏ గ్రామమునందు జన్మించితిరి? తమ జనకుని వృత్తి యెయ్యది? తాము విద్యాభ్యాసమును ఏ కారణమున విరమించితిరి?"

మొదటి ప్రశ్నకు అతను కాఫీ కప్పు కింద పెట్టాడు. రెండోదానికి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. నేను కాగితంలో తల పెట్టి ఉన్నాను కాబట్టి, గౌరవంతో లేచాడనుకున్నాను. మూడోదానికి తల పైకెత్తి చూస్తే, అతను రెండు చేతులూ పక్కలకు అంటించి నిటారుగా నిలబడి ఉన్నాడు. ముఖంలో రంగు లేదు. నాలుగో ప్రశ్నకు ఊరి పేరు, తండ్రి పేరు, తన పేరు వరసగా చెప్పాడు, పోలీసుకు చెప్పినట్టు. తర్వాత నెమ్మదిగా అడిగాడు:

"ఇంకేమైనా కావాలా, కీరియే నొమార్హా?"

అంటే జిల్లా కలెక్టరు గారూ అని. హెల్మెట్ పెట్టుకొని బయటికి వెళ్ళిపోయాడు. రొట్టె, జున్ను బల్ల మీదే ఉన్నాయి. ఫోనులో రెండు నిమిషాలు చిల్లర రికార్డయింది.

ఆ మర్నాటి నుంచి నా పేరు మారిపోయింది. నేను స్టోరు వైపు వెళ్తే మేస్త్రి అందరి ముందూ హెల్మెట్ తీసి పక్కకు తప్పుకొనేవాడు, కలెక్టరుగారికి దారి ఇమ్మని మనుషుల్ని కేకేసేవాడు. నేపాలీలు, బెంగాలీలు, మనవాళ్ళు ఆ మాట అందుకున్నారు. కలెక్టర్ సాబ్ చాయ్ తాగుతారా, కలెక్టర్ సాబ్ టాయిలెట్ ఖాళీ ఉంది. నాతో మాత్రం మేస్త్రి పని మాటలు తప్ప ఇంకో మాట లేదు. అవి కూడా సైటు భాషలో కాదు, ఇంగ్లీషులో.

టీచరుకు ఆ రెండు నిమిషాలు వినిపించాను. ఆమె రెండుసార్లు వింది.

"మీరు ఇతన్ని ఇంటర్వ్యూ చేయలేదు. విచారణ చేశారు," అంది. "ఈ వయసువాడు ఈ భాష ఎక్కడ విని ఉంటాడో ఒక్కసారైనా ఆలోచించారా? సైనికుల పాలనలో పెరిగినవాడు. అతనితో ఈ భాష మాట్లాడినవాడెవడూ అతనికి మేలు చేసి ఉండడు."

వారం గడువు ఇచ్చింది. కావాలంటే ఇంకెవరినైనా చూసుకోమంది.

రూముకు వచ్చి డ్రైవరుకు చెప్పాను. సారీ చెప్పాలనుకుంటున్నాను, గ్రీకులో మంచి వాక్యం ఒకటి తయారు చేశాను అన్నాను. అతను చపాతీ పిండి పిసుకుతూ నావైపు జాలిగా చూశాడు.

"వాక్యం గిట్ల వద్దన్నా. నీ నోరే గదా గింత జేసింది. పొయ్యి ఊకె కూసో."

ఆ శుక్రవారం పోయి ఊరికే కూర్చున్నాను. మేస్త్రి తనొక్కడికే కాఫీ పెట్టుకున్నాడు. చాలాసేపు ఇద్దరం కిటికీలోంచి క్రేన్ చూశాం. తర్వాత నేను మా సైటు భాషలో, వచ్చినంత గ్రీకు, వచ్చినంత హిందీ కలిపి, చెప్పడం మొదలుపెట్టాను. కరీంనగర్‌లో ఇంటర్‌లో చేరిన కొత్తలో, ఒక లెక్చరరు నన్ను లేపి, పక్కవాడు ఏడీ అని అడిగాడు. ఇంటికి పోయిండు సార్ అన్నాను. మళ్ళీ చెప్పు అన్నాడు. చెప్పాను. మూడోసారి క్లాసు వైపు తిరిగి చెప్పమన్నాడు. క్లాసు నవ్వింది. ఆ మాట మా అమ్మ నేర్పిన మాట. ఆయన దాన్ని పుస్తకంలో చూపించమన్నాడు.

అక్కడ ఆగాను. మేస్త్రి నా వైపు తిరిగాడు.

"కే మెతా?"

తర్వాత? అని. తర్వాత నేను కాలేజీకి పోలేదు, పరీక్షలకు కూర్చున్నా లాభం లేకపోయింది, లైబ్రరీకి పోయాను, పుస్తకాల భాష ఆయనకన్నా బాగా నేర్చుకున్నాను. ఆ భాషలోనే ఇప్పుడు మీకు ఇదంతా రాస్తున్నాను. ఇన్నేళ్ళలో ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ కే మెతా అనలేదు.

మేస్త్రి ఇంకో కాఫీ పెట్టి నా ముందుకు తోశాడు. నీ మిషన్ పెట్టు అని ఫోను చూపించాడు. ఆ తర్వాత అతను ఆగలేదు. తండ్రి చేపలు పట్టేవాడట. ఒక చలికాలం సముద్రం మీదే చనిపోయాడు. అప్పటికి ఇతనికి పదహారేళ్ళు. పడవ కాగితాల కోసం తల్లిని తీసుకొని రేవు ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి అధికారి ఒక కాగితం చదివాడు, నా పుస్తకంలోని భాషలో. అర్థమైందా అని అడిగాడు, అదీ అదే భాషలో. తల్లి అన్నిటికీ ఔను, ఔను అంది. కాదు అంటే కోప్పడతాడని భయం. కొడుకు పక్కనే నిటారుగా నిలబడ్డాడు, చేతులు పక్కలకు అంటించి. ఆ రోజు ఆవిడ వేసిన వేలిముద్రతో పడవ పోయింది. ఏ మాటకు ఏం అర్థమో వాళ్ళకు తెలిసింది రెండేళ్ళ తర్వాత. అప్పటికి ఇతను పరాయి దేశంలో ఇటుకలు మోస్తున్నాడు.

అతను చెబుతున్నంతసేపూ నేను 'కే మెతా' తప్ప ఇంకేమీ అనలేదు. పదిహేను నిమిషాలు దాటి ఇంకో పది నిమిషాలు మాట్లాడాడు. చివర్లో హెల్మెట్ తీసుకుంటూ, కలెక్టరు గారూ, మీ జున్ను పోయిన వారమే పిల్లి తినేసింది అన్నాడు. ఆ కలెక్టరు అనడం నేను వచ్చేసేదాకా మానలేదు, కానీ హెల్మెట్ తీసి పక్కకు తప్పుకోవడం మానేశాడు.

రెండో రికార్డింగ్ టీచరు పూర్తిగా వింది. మధ్యలో ఒకసారి ఆపి కిటికీ దాకా నడిచి వచ్చింది. తర్వాత మార్కుల కాగితం తీసింది.

"ఇందులో గొప్ప గ్రీకు ఉంది. మీది ఎంత?" అంది. "ఒకే మాట పదకొండుసార్లు. వినడానికి వేరే పరీక్ష పెట్టాం, అందులో మీకు మంచి మార్కులే వచ్చాయి. ఇది మాట్లాడే పరీక్ష."

ఆమెకు నా పోస్టు సంగతి తెలుసు.

"మొదటిది చిన్నదే, కానీ అందులో మీరు మాట్లాడారు. వ్యాకరణంలో తప్పు లేదు. నిడివికి మార్కులు కోసినా, నియమం ప్రకారం దానికి పాస్ మార్కులు వేయగలను. దీనికి వేయలేను. ఫైల్లో ఒక్కటే పెట్టాలి. ఏది పెట్టమంటారు?"

చూశారా, యూనివర్సిటీల న్యాయం. ఒక ముసలివాణ్ణి లేపి నిలబెట్టినందుకు పాసు. అతన్ని కూర్చోబెట్టినందుకు ఫెయిలు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ నియమం రాసినవాళ్ళలో ఆమె లేదు, ఆమె దాచకుండా చెప్పింది కూడా.

రెండోది పెట్టమన్నాను. దీన్ని త్యాగమనో, ధర్మమనో అనుకొని నన్ను పొగడకండి. మొదటి రికార్డింగ్‌లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు ఉంది. అది ఒక ఫైల్లో ఉండడం, దాని మీద నా పేరు ఉండడం, అది నాకు ఉద్యోగం తెచ్చిపెట్టడం నాకు కుదరలేదు. రెండోది పెట్టమన్నాక చాలా భయపడ్డాను కూడా.

ఇంజనీరు పాసయ్యాడు. పోస్టు అతనికి వచ్చింది. నాకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. డ్రైవరు స్వీట్లు పంచుతానన్నాడు, రెండుసార్లు ఇంటర్ ఫెయిలైన మొగోడు జిల్లాలో నేనొక్కణ్ణేనట.

వెళ్ళే ముందు వారం రోజులు ఇంజనీరుకు ఫైళ్ళన్నీ అప్పగించమన్నారు. ఏ అరలో ఏముందో చూపించాను. చివరి రోజు అతను కొంచెం ఇబ్బందిగా నా దగ్గరికి వచ్చాడు. కొత్త సైటుకు మేస్త్రి కూడా వస్తున్నాడు, రోజూ అతని దగ్గర రిపోర్టు తీసుకోవాలి, తను గ్రీకులో ఏం అడిగినా అతను ఒక్క మాటలో తేల్చేస్తున్నాడు, మీతో మాత్రం గంటలు గంటలు మాట్లాడతాడట, ఏం చేస్తారో కాస్త చెప్పండి అని అడిగాడు.

"ముందు ఊరుకోండి సార్. అతనే మొదలుపెడతాడు. ఆగినప్పుడు కే మెతా అనండి. మళ్ళీ ఊరుకోండి," అన్నాను.

అతను చాలా శ్రద్ధగా ఫోనులో ఎక్కించుకున్నాడు. ఎక్కించుకొని, కాసేపు ఆలోచించి, అడిగాడు:

"ఇది ఏ లెసన్‌లో ఉందండీ? నేను మిస్సయినట్టున్నాను."

ఏడాది కిందటైతే నేనూ అదే అడిగేవాణ్ణి. నాకు తెలియదు సార్, నేను ఫెయిలైనోణ్ణి, పాసైనోళ్ళను అడగండి అని, అలమర తాళాలు అతని చేతిలో పెట్టాను.